బస్తా అడుగు గింజలు

తణుకులో మా ఇంటి వీధరుగు మీద కూర్చుంటే శీతాకాలమంతా రెండు వాసనలు వంతులేసుకుని వచ్చేవి. తెల్లవారుజామున గాలి వెంకటరాయపురం వైపు నుంచి తిరిగితే పంచదార ఫ్యాక్టరీలో మరుగుతున్న చెరుకురసం వాసన, దాని వెనకాలే కాస్త పులుపెక్కిన మడ్డి వాసన. ఎండెక్కి గాలి దారి మార్చుకుంటే గోస్తనీ గట్టున ఉన్న బియ్యం మిల్లు నుంచి వేడి తవుడు వాసన. మొదటిది ఊరందరిదీ. రెండోది మాత్రం మా ఇంటిదే అనుకునేవాణ్ణి, ఎందుకంటే ఆ మిల్లులో మా తాతయ్య గుమస్తా. సాయంత్రం ఇంటికొచ్చి ఆయన ఉత్తరీయం దులిపితే అరుగు మీద సన్నగా తవుడు రాలేది, దాని కోసం పెరట్లో కోళ్ళు ఆయన చెప్పుల చప్పుడికే పరిగెత్తుకొచ్చేవి.

సంక్రాంతికి ముందు నుంచి ఎండలు ముదిరేదాకా రాత్రంతా చెరుకు బళ్ళు నడిచేవి. బండి కింద కట్టిన లాంతరు ఊగుతూ ఉండేది, బండి తోలే మనిషి కునికిపాట్లు పడుతుండేవాడు, ఎడ్లకి దారి తెలుసు. మేం పిల్లలం వెనక నుంచి ఓ గడ లాగినా ఎవరూ పెద్దగా తిట్టేవారు కాదు. అలా లాగిన గడ ఒకటి నా చేతిలో చూసి తాతయ్య, "ఒరే అబ్బాయ్, ఆ ఫ్యాక్టరీలో మనకీ వాటా ఉందిరా. కాని బండిమీదున్న గడ ఇంకా రైతుది. కాటా పడ్డాకే కంపెనీది. ఎల్లి ఇచ్చేసి రా" అన్నాడు. బండి అప్పటికే నరేంద్ర సెంటర్ దాటిపోయింది. ఆ గడ పట్టుకుని దాని వెంట పరిగెత్తడం గుర్తుంది. వాటా అనే మాట నేను మొట్టమొదట విన్నదీ అప్పుడే. దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు, 1977. నాకు పదేళ్ళు.

మన వాటా ఎంత అని అడిగితే 20 షేర్లన్నాడు. అయితే ఫ్యాక్టరీలో ఇరవయ్యోవంతు మనదేననుకుని ఆ రాత్రి నిద్రపోలేదు నేను. మర్నాడు మిల్లుకి తీసుకెళ్ళి బియ్యం బస్తా మూతి విప్పించి, గుప్పెడు తీసి, అందులోంచి నాలుగు గింజలు నా అరచేతిలో వేసి, బస్తా మొత్తం కంపెనీ అనుకుంటే ఇవీ మనవి అని చూపించాడు. నాకు చిన్నతనం అనిపించలేదు. ఆ నాలుగు గింజల్ని రోజంతా జేబులో పెట్టుకు తిరిగాను.

ఆ కంపెనీ ది ఆంధ్రా షుగర్స్. స్వతంత్రం వచ్చిన నెలలోనే, 1947 ఆగస్టులో పుట్టింది. ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు నిలబెట్టిన సంస్థ. పంచదారతో మొదలై కొవ్వూరులో కాస్టిక్ సోడా దాకా, తర్వాతి కాలంలో ఇస్రో రాకెట్లకి వాడే ద్రవ ఇంధనం దాకా ఎదిగింది. మాకు మాత్రం అది ఏడాదికోసారి బుక్‌పోస్టులో గోధుమరంగు కాగితం చుట్టుకుని వచ్చే పుస్తకం. పోస్టుమాన్ దాన్ని అరుగు మీద పెట్టి, మామ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళేవాడు.

ఆ పుస్తకం వచ్చిన రాత్రి మా ఇంట్లో భోజనాలు పెందరాళే అయిపోయేవి. కరెంటు ఉంటే బల్బు కింద, లేకపోతే లాంతరు దగ్గర, తాతయ్య పీట వేసుకుని కూర్చునేవాడు. అప్పటికే ఆయన కళ్ళకి శుక్లాలు కమ్ముతున్నాయి. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవాడు గాని అంకెలు ఏ భాషలో ఉన్నా ఆయనవే. చదవడం నా పని, పెన్సిల్ ఆయన చేతిలో. చుట్టూ దోమలు, వాటికి మామ్మ పెట్టిన వేపాకు పొగ, ఆ పొగకి నా కళ్ళమ్మట నీళ్ళు, అయినా సరే లేవడానికి లేదు.

మొదటి రోజు నేను అట్ట తిప్పి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టబోతే ఆపేశాడు. మిల్లులో ఆయన దగ్గర ఒక ఇనప గొట్టం ఉండేది, ఓ చివర కోసుగా, మధ్యలో గాడితో. ధాన్యం బళ్ళు వచ్చినప్పుడు బస్తా మూతి విప్పకుండా ఆ గొట్టాన్ని నడుం దగ్గర ఒకసారి, అడుగున ఒకసారి గుచ్చి లాగితే గాడిలో గింజలు వచ్చేవి. అవి అరచేతిలో పోసుకుని ఊది, పంటికింద ఒకటి కొరికి, ధర చెప్పేవాడు. "మూతి దగ్గర గింజలు ఎవడైనా మంచివే పోస్తాడురా. అడుగున ఏం పోశాడో చూడాలి. ఈ పుస్తకానికి కూడా అడుగు వెనకాల ఉంది, అక్కణ్ణుంచి చదువు" అన్నాడు. కాబట్టి మా ఇంట్లో కంపెనీ పుస్తకాలన్నీ వెనకనుంచే చదివేవాళ్ళం: ముందు లెక్కల కింద సన్నక్షరాల్లో వేసే వివరణలు, తర్వాత ఆడిటరు మాట, ఆ తర్వాత ఆస్తి అప్పుల పట్టీ, లాభనష్టాలు. రంగుల బొమ్మలూ ఛైర్మన్ గారి ఉపన్యాసమూ చిట్టచివర, నిద్ర రాకపోతేనే.

సన్నక్షరాల్లో ఆయన వెతికేవి ఎక్కువ ఉండేవి కావు. కోర్టులో తేలని బాకీలు ఏమైనా ఉన్నాయా. అదే యాజమాన్యం కింద ఉన్న వేరే కంపెనీలకి అప్పిచ్చారా. సరుకు నిల్వకి ధర కట్టే పద్ధతి పోయినేడు ఎలా ఉందో ఈ ఏడు అలాగే ఉందా, మధ్యలో మారిందా. ఆడిటరు సంతకం దగ్గర నా వేలు పెట్టించి, కిందటేడు పుస్తకం తెప్పించి, అక్కడా అదే పేరుందో లేదో చూడమనేవాడు. మిల్లులో కాటా వేసే మనిషి హఠాత్తుగా మారితే ఎందుకు మారాడని అడగమా, ఇదీ అంతే అనేవాడు.

మామ్మకి ఆ పుస్తకంలో ఒకే ఒక్క పేజీ ఇష్టం. ఆ రోజుల్లో పెద్ద జీతాలు తీసుకునే ఉద్యోగుల పేర్లు, వయసు, చదువు, జీతంతో సహా అచ్చువేసేవారు. నేను అది చదువుతుంటే చేతిలో పని ఆపేసి వచ్చి గుమ్మానికి ఆనుకుని కూర్చునేది. "యాభైయేడేళ్ళా? పాపం, పిల్లల పెళ్ళిళ్ళయ్యాయో లేదో" అనేది. ఏడాది తిరిగి కొత్త పుస్తకం వస్తే పాతదాని నున్నటి కాగితాలు వంటింటి అలమర అరల్లో పరిచేది, వాటి మీద ఆవకాయ జాడీలుండేవి. తాతయ్య మాత్రం రెండు పేజీలు ముందే చింపి దాచుకునేవాడు.

ఆ రెండు పేజీలూ ఆస్తి అప్పుల పట్టీ, లాభనష్టాల పట్టీ. అప్పుల వైపు ఎడమ, ఆస్తుల వైపు కుడి, ప్రతి అంకె పక్కనా కిందటేటి అంకె. నేను "సండ్రీ డెటార్స్" అని తప్పుగా చదివితే ఆయనకి అర్థం కాలేదు. మర్నాడు బళ్ళో ఇంగ్లీషు మాస్టారినడిగి వచ్చి చెప్పాను, తాతయ్యా, మనకి ఇవ్వాల్సినవాళ్ళు అని. "ఓస్, బాకీలా!" అని ఆయన మొహం విప్పారిన తీరు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. ఆ రోజు నుంచి ముందు అమ్మకాలు ఎంత పెరిగాయో చూసి, వెంటనే బాకీలు ఎంత పెరిగాయో చూసేవాడు. అమ్మకాలు నాలుగోవంతు పెరిగి బాకీలు రెట్టింపైతే అది అమ్మకం కాదనేవాడు. బియ్యం అరువిచ్చి చిట్టాలో అమ్మినట్టు రాసుకున్న షావుకార్లని ఆయన నలభయ్యేళ్ళ కొలువులో చూశాడు.

ఆ తర్వాత పెన్సిల్ పని. లాభం ఎంత వేశారో రాసి, చేతినుంచి పోని ఖర్చు గనక తరుగుదల దానికి కలిపి, కొత్తగా పేరుకున్న బాకీలు తీసేసి, కొత్తగా పేరుకున్న సరుకు తీసేసి, ఇంకా ఇవ్వాల్సిన వాళ్ళకి ఇవ్వకుండా ఆపినది కలిపి, మిగిలినదాని కింద రెండు గీతలు గీసేవాడు. దాన్ని పెట్టెలోకి వచ్చిన రొక్కం అనేవాడు. "లాభం రాసుకునేదిరా నాన్నా, రొక్కం లెక్కపెట్టుకునేది." ఇప్పుడు నగదు ప్రవాహ పట్టిక అని కంపెనీలే వేసి ఇస్తున్నాయి. 1970ల్లో ఆ పేజీ లేదు. కామర్సు కాలేజీ గడప తొక్కని మనిషి ఆ పేజీని లాంతరు కింద తనే తయారుచేసుకున్నాడని నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలిసి రాలేదు.

ఇంకో అంకె ఆయన నోట ఎప్పుడూ ఉండేది. నూరు కేజీల ధాన్యం ఆడితే 66, 67 కేజీల బియ్యం వస్తుంది. మిగతాది ఊక, తవుడు. ఎవరైనా మా మిల్లులో 75 దిగుతుందంటే ఆ మనిషితో ఆయన వాదించేవాడు కాదు, లేచి వచ్చేసేవాడు. ఏ వ్యాపారానికైనా ఇలాంటి ఒక దిగుబడి అంకె ఉంటుందని, అది ముందు తెలుసుకున్నాకే లాభం గురించి మాట్లాడాలని ఆయన పట్టు. పంచదారకైతే టన్ను చెరుక్కి ఎంత పంచదార దిగిందన్నది. ఒకే వ్యాపారం చేసే పదిమందిలో ఒక్కడికే రెండింతల లాభం వస్తుంటే అతని దగ్గర అందరికీ లేనిది ఏముందో కళ్ళకి కనబడాలి. కనబడకపోతే లెక్కలో ఏదో ఉంది.

పంచదార కంపెనీ షేరు ఊరి మీద అభిమానంతో కొన్నానని, అందుకే 20 దగ్గర ఆగానని చెప్పేవాడు. చెరుక్కి కనీస ధర ఢిల్లీ చెబుతుంది, ఆ రోజుల్లో పంచదారలో ఎక్కువ భాగం లెవీ కింద ఢిల్లీ చెప్పిన ధరకే రేషన్‌కి పోయేది. 1978లో ఆ కంట్రోలు తీసేశారు, బజార్లో పంచదార ధర పడిపోయింది. 1979 డిసెంబరులో మళ్ళీ పెట్టారు. పైగా బెల్లం ధర బాగుంటే రైతులు చెరుకు గానుగలకి తోలేసుకుంటారు. "నడిపేవాళ్ళు ఎంత సమర్థులైనా, కొనే ధరా అమ్మే ధరా రెండూ చేతిలో లేని వ్యాపారం ఇది. ఇందులో నిలబడ్డారంటే వాళ్ళని మెచ్చుకోవాలి, మనం మాత్రం కొంచెమే పెట్టాలి" అనేవాడు. మెచ్చుకోవడం, డబ్బు పెట్టడం రెండు వేరు వేరు పద్దులు ఆయనకి.

అమ్మే ధర తన చేతిలో ఉన్న వ్యాపారం ఎలా ఉంటుందో మా వీధి చివర షావుకారు గారి కొట్లో చూశాం. 1973లో వచ్చిన ఫెరా చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు చాలావాటికి తమ వాటా 40 శాతానికి దించుకోవలసి వచ్చింది. ఆ మిగతా వాటాలు మనవాళ్ళకి అమ్మే ధర కూడా కంపెనీ ఇష్టం కాదు. ఆ ధర కట్టడానికి కంట్రోలర్ ఆఫ్ కాపిటల్ ఇష్యూస్ అనే ఆఫీసు ఢిల్లీలో ఉండేది, 1992లో ఎత్తేశారు. అలా 1978లో కోల్గేట్ షేర్లు జనానికి వచ్చాయి. తాతయ్య జన్మలో వేపపుల్ల తప్ప నోట్లో పెట్టలేదు. అయినా దరఖాస్తు నింపే ముందు నన్ను వెంటబెట్టుకుని కొట్టుకెళ్ళి బల్లమీద కూర్చుని పళ్ళపొడి డబ్బాలు నెలకెన్ని పోతాయని అడిగాడు. షావుకారు గారు చెప్పారు. "అవి అయిపోయి వేరే రకం ఉంటే తీసుకెళ్తారా, ఇవి వచ్చేదాకా ఆగుతారా?" అని మళ్ళీ అడిగాడు. షావుకారు గారు త్రాసు కిందపెట్టి, "ఆయ్, పిల్లల్ని పంపినప్పుడు వేరేది ఇస్తే వాళ్ళమ్మ తిప్పి పంపుద్దండి" అన్నారు. తాతయ్య ఆ మాట మీద ఇంకేం అడగలేదు. పావలా పటికబెల్లం కొని నా చేతిలో పెట్టి ఇంటికి నడిచాడు. ఎరువుల కొట్లో కూడా ఇలాగే. విశాఖపట్నంలో కోరమాండల్ వాళ్ళు 1967 నుంచి చేస్తున్న గ్రోమోర్ బస్తాలు సార్వా నాట్ల ముందు ఎలా పోతున్నాయో, అందులో 28-28 రకం అయిపోయిందంటే రైతు మొహం ఎలా పెడుతున్నాడో ఆయన దగ్గరుండి చూశాకే ఆ పేరు తన పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. మిల్లు చిట్టాల్లో మిగిలిన కాగితాలు కుట్టి, ఎర్రగుడ్డ అట్ట వేసుకున్న పొడుగు పుస్తకం. ఒక్కో కంపెనీకి రెండేసి పేజీలు. ఏళ్ళవారీగా అమ్మకం, బాకీ, రొక్కం, అప్పు, పంచిన డివిడెండు. చివరి గడికి పైన "చూసింది" అని రాసుంటుంది. కళ్ళతో చూసిందో, నమ్మకమైన మనిషి నోట విన్నదో, తేదీతో సహా అందులో ఉండాలి. ఆ గడి నిండకుండా డబ్బు కట్టడం లేదు.

కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ చూడ్డానికి కొవ్వూరు వెళ్ళడం ఆ గడి కోసమే. వేసవి సెలవులు, నిడదవోలు మీదుగా బస్సు, కిటికీ పక్క సీటు నాది. ముందు గోష్పాద క్షేత్రంలో గోదారి స్నానం, మామ్మ కట్టిచ్చిన దద్దోజనం, గట్టు మీద నుంచి నాలుగేళ్ళ కిందట తెరిచిన రోడ్డు-రైలు వంతెన మీద లారీలూ రైళ్ళూ ఒకదాని మీద ఒకటి పోవడం చూస్తూ తినడం. తర్వాత ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టీ దుకాణంలో రెండు గంటలు. లోపలికి వెళ్ళాలని ఆయనకి లేదు. టీ తాగుతూ ఎన్ని లారీలు లోపలికి పోయాయో, ఎన్ని నిండుగా బయటికొచ్చాయో నన్ను లెక్కపెట్టమన్నాడు. గాలిలో ముక్కు పొడిచే ఘాటు. దుకాణం ఆయనతో మాత్రం వానల గురించీ పిల్లల చదువు గురించీ మాట్లాడి, ఎప్పటికో మెల్లిగా, జీతాలు ఒకటో తారీఖునే వస్తున్నాయా, టీ ఖాతాలు నెల మొదట్లో తీరుస్తున్నారా అనడిగాడు. తీరుస్తున్నారండి అన్నాడతను. లారీలు 14 లోపలికి, 11 బయటికి. నేను లెక్క తప్పలేదని మామ్మకి చెబుతానని బస్సులో రెండుసార్లు అన్నాడు. ఇంటికొచ్చాక గడిలో తేదీ వేసి కింద నా పేరు రాశాడు, సాక్షి సంతకంలాగా.

ధర దగ్గర మాత్రం ఆయన కొలత పొలానిది. మా వైపు పొలం కొనేవాళ్ళు దాని మీద వచ్చే మక్తా లెక్కేసి, ఎన్నేళ్ళ మక్తాకి సరిపడా ధర పెడుతున్నామో చూసుకుంటారు. షేరుకి 4 రూపాయల లాభం ఉన్న కంపెనీని 40కి కొంటే పదేళ్ళ మక్తా ముందే ఇచ్చినట్టు, 80కి కొంటే ఇరవయ్యేళ్ళది. కాలవ పక్క పల్లపు పొలం, సార్వా దాళ్వా రెండూ పండేదానికి ఎక్కువేళ్ళ మక్తా ఇచ్చినా నష్టం లేదు. నీరు ఎప్పుడొస్తుందో తెలియని శివారు పొలాన్ని చవగ్గా వస్తుందని కొంటే ఆ చవక ఎండాకాలంలో తెలుస్తుంది. లాభమంతా పంచేయని కంపెనీ మీద ఆయనకి కోపం లేదు. విత్తనాలకి ఉంచుకోవద్దా అనేవాడు. కాని ఉంచుకున్న విత్తనం మొలిచిందో లేదో అయిదేళ్ళ అంకెలు పక్కపక్కన పెట్టి చూసేవాడు. నేను పెద్దయ్యాక పి.ఇ. నిష్పత్తి అనీ, పెట్టుబడి మీద రాబడి అనీ పుస్తకాల్లో చదువుతున్నప్పుడు, ఆ పక్కన మా దాళ్వా చేలు కనబడుతూనే ఉండేవి.

1980 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆరు బ్యాంకుల్ని జాతీయం చేసింది. అందులో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు కూడా ఉంది. తాతయ్య దగ్గర ఆ షేర్లు కొద్దిగా ఉండేవి. మన బ్యాంకు దేశం బ్యాంకయింది అన్నాడు, ఎర్రట్ట పుస్తకంలో ఆ పేజీకి అడ్డంగా ఒక గీత గీశాడు, పరిహారం వచ్చాక ఆ డబ్బుతో మా మేనత్త పెళ్ళిబాకీ తీర్చాడు. 1986లో, చెరుకు బళ్ళ రోజుల్లోనే, ఆయన పోయారు. భోషాణంలో షేరు కాగితాల మధ్య పురుగు పట్టకుండా పెట్టిన వేపాకు ఎండి పొడి అయిపోయి ఉంది.

ఆ తర్వాత నేను చూడకుండా కొన్న రోజొకటి ఉంది. 1995. భీమవరం చుట్టుపక్కల వరిచేలు చెరువులైపోయి, రొయ్య రాజ్యమేలుతున్న కాలం. ఉద్యోగంలో కుదురుకున్నాను, చేతిలో కాస్త మిగులుతోంది. ఒక రొయ్యల కంపెనీ షేర్లు అమ్మకానికి వచ్చాయి. ఆఫీసులో అందరూ దరఖాస్తులు నింపుతున్నారు. దాని పత్రంలో హెక్టారుకి ఇన్ని టన్నులని వేసిన దిగుబడి, అప్పటికి మా చుట్టాలు వాళ్ళ చెరువుల్లో తీస్తున్నదానికి రెండింతల పైన ఉంది. నూటికి 75 దిగుతుందన్న మిల్లు మాటే అది. నాకు ఆ క్షణంలో తట్టలేదు. ఆ చెరువులు మా ఊరికి మూడు గంటల బస్సు ప్రయాణం, వెళ్ళలేదు. తెల్లమచ్చ తెగులు అప్పటికే కోస్తా అంతా పాకుతోంది. చెరువులకి చెరువులు ఖాళీ అయిపోయాయి. 1996 డిసెంబరులో తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది. నేను కట్టిన డబ్బు మా ఆవిడ గాజులకని దాచింది. ఆవిడ ఒక్కమాట అనలేదు. ఆ షేరు కాగితాలు పారెయ్యకుండా తాతయ్య పుస్తకంలోనే పెట్టాను.

2009 జనవరి 7న హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రాసిన ఉత్తరం పేపర్లో చదివినప్పుడు మాత్రం తాతయ్యతో ఒక వాదన పెట్టుకోవాలనిపించింది. లెక్కల్లో చూపించిన 5,361 కోట్ల రొక్కం, బ్యాంకు నిల్వలో 5,040 కోట్లు లేనేలేవు. పుస్తకంలో రొక్కం ఉందని రాస్తే దానిమీద వడ్డీ వచ్చిందా చూడరా అని ఆయన నేర్పాడు. అక్కడ ఆ వడ్డీ కూడా, 376 కోట్లు, రాసుకున్నదే. గొట్టం అడుగుదాకా దించినా, ఆ అడుగున కూడా మంచి గింజలే పోసిపెట్టిన బస్తా అది. అప్పుడేం చేస్తావు తాతయ్యా అని అడిగితే ఏమనేవాడో నాకు తెలుసు. ఒక్క మిల్లు బియ్యమే ఇంటినిండా ఎందుకు దింపుకున్నావురా అనేవాడు. ఆయన ఏ ఒక్క కంపెనీలోనూ ఒక ఏడాది తిండిగింజల ఖరీదు కన్నా ఎక్కువ పెట్టలేదని ఆ ఎర్రట్ట పుస్తకం మళ్ళీ తిరగేసినప్పుడు గమనించాను. అంతకుముందు దాన్ని పేదరికం అనుకున్నాను.

ఇప్పుడు షేరు కాగితాలు లేవు, 1996 నుంచి మెల్లిగా అన్నీ డీమ్యాట్ అయిపోయాయి, సంతకం కలవలేదని వెనక్కొచ్చే బాధ లేదు, కొన్న మర్నాటికే ఖాతాలో పడుతున్నాయి. కంపెనీ పుస్తకాలు మూడు నాలుగొందల పేజీలు ఉంటున్నాయి, కావలసినప్పుడు ఫోన్లోకే వస్తాయి. మంచి కాలమే ఇది. మా మనవడు వాటిని నాకు చదివి పెడతాడు, నా కళ్ళకీ శుక్లాలు మొదలయ్యాయి. వాడు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టబోతే ఆపాను.

మిల్లు పోయింది, ఆ చోట కల్యాణమండపం ఉంది. ఇనప గొట్టం నా దగ్గరే ఉంది, గాడిలో తుప్పు. ఎర్రట్ట పుస్తకం పోయిన దసరాకి దుమ్ము దులిపి మొదటి నుంచి చివరిదాకా చూశాం నేనూ మా మనవడూ. ఇరవయ్యేళ్ళలో తాతయ్య పేజీలు తెరిచి, అంకెలు ఎక్కించి, "చూసింది" గడి నింపిన కంపెనీలు 11. షేర్లు కొన్నది 4.